నలుపు తాగిన వెలుగు

పోయిన వారం మనం ఒక బ్లేడు దగ్గర ఆగిపోయాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఆ గదిని మరోసారి చూపిస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆసుపత్రి రెండో అంతస్తులో వరండా చివరి గది అది. గోడలు నలుపు, కర్టెన్లు నలుపు, బల్లలు నలుపు, ఆఖరికి టీ కప్పులు కూడా నలుపే. గదిని రెండు చేస్తూ మధ్యలో ఒక నల్ల కర్టెను. దాని అవతల మంచం మీద మామయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళుగా నలుగురి ఇళ్ళలో కుళాయిలూ పైపులూ బాగుచేసిన మనిషి. రెండు నెలల కిందట ఇనప మూత ఒకటి చేయి జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. షుగరు ఉన్న ఒళ్ళు కనక పుండు మానలేదు, రెండు వేళ్ళు నల్లబడ్డాయి. చీలమండ దగ్గర నాడి అందడం లేదు. మామూలు స్కానింగులో సన్నటి రక్తనాళాలు కనపడవు. కిడ్నీలు బలహీనంగా ఉన్నాయి కాబట్టి రంగుమందు ఎక్కించి చూసే దారీ లేదు. సర్జన్ మేడమ్ పొద్దున్నే వచ్చి, చీలమండకు జానెడు పైన నీలిరంగు పెన్నుతో ఒక గీత గీసి వెళ్ళింది. రేపు కోసేది అక్కడే.

కర్టెనుకి ఇవతల ఆయన మేనకోడలు. ఆసుపత్రిలో అందరూ ఇంజినీరమ్మ అంటారు. ఆమె ఆరేళ్ళుగా తయారుచేస్తున్న పరికరం చేతిలో ఇమిడేంత చిన్నది. చూపుకి ఇస్త్రీపెట్టెలా ఉంటుంది కనక దాని అసలు పేరు అందరూ మర్చిపోయి ఇస్త్రీపెట్టె అనే పిలుస్తారు. దాని అడుగున నడిమధ్య ఒక చెవి, చెవికి అటూ ఇటూ వెలుగు వచ్చే సన్నటి సందులు రెండు. రెప్పపాటులో కోటోవంతు సేపు కంటికి కనపడని వెలుగు ఒంట్లోకి వెళుతుంది. రక్తం ఆ వెలుగును తాగి, ఇంతంటే ఇంత వేడెక్కి, ఉబ్బి, మనుషులకు వినపడని చప్పుడొకటి చేస్తుంది. ఆ చప్పుడును చెవి పట్టుకుంటే స్క్రీను మీద రక్తనాళం బొమ్మ పడుతుంది. వెలుగు వేసి చప్పుడు వినడం అన్నమాట.

వినడానికి బాగానే ఉంది. పరీక్ష కోసం ఒంటికి బదులు వాడే జెల్లీ దిమ్మ మీద బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. మామయ్య పాదం మీద మాత్రం ఐదుసార్లు పెడితే ఐదుసార్లూ చీకటే. వెలుగు పెంచుదామంటే చర్మం మీద ఇంతకు మించి పడకూడదని హద్దు ఉంది, దాటితే కాలుతుంది. ఉన్న వెలుగు లోపలికి పోవడం లేదు, ఎక్కడికి పోతోందో తెలియడం లేదు. ఆ దిగులుతో ఇంజినీరమ్మ ఇస్త్రీపెట్టెను చెంపకు ఆనించుకుంది, గోరువెచ్చగా తగిలింది. వేడెక్కింది మామయ్య పాదం కాదు, పరికరం అంచుకు తొడిగిన నల్ల రబ్బరు తొడుగు! ఆమె వెంటనే బ్లేడు తీసి ఆ తొడుగును సగం దాకా కోసింది. సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి గొంతు వినపడింది.

“ఆ బ్లేడు కింద పెట్టు.”

వచ్చింది లేజర్ సారు. ఆ గదికి ఆయనే పెద్ద. ఆయన సంతకం లేనిదే అక్కడ స్విచ్చు వేయడానికి లేదు. ఆ నలుపంతా ఆయన పెట్టించిందే, ఆ తొడుగూ ఆయన చేత్తో తొడిగిందే.

ఇంజినీరమ్మ బ్లేడు కింద పెట్టలేదు. అలాగని ఇంకాస్త కోసే ధైర్యమూ చేయలేదు.

“సార్, ఒక్క నిమిషం. ముందు ఇది పట్టుకుని చూడండి.”

“పట్టుకోవడాలూ చూడటాలూ తర్వాత. లేజరు మీద తొడుగు కోసేముందు నన్ను అడగాలని తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“మరి?”

“అడిగితే వద్దంటారని కూడా తెలుసు సార్.”

కర్టెను వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినపడింది. మామయ్య నిద్రపోతున్నాడనుకున్నారు ఇద్దరూ. ఆయన చెవులు నలభై ఏళ్ళు గోడల్లో నీళ్ళ చప్పుడు విన్న చెవులు, అంత తేలిగ్గా నిద్రపోవు.

లేజర్ సారుకి ముక్కు మీద కోపం. కానీ ఆ పూట ఆయన మొహంలో కోపం కన్నా ఇంకేదో ఎక్కువగా ఉంది. వచ్చి, బ్లేడు ఆమె చేతిలోంచి తీసుకుని, బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు.

“టైమెంతైంది?” అన్నాడు.

“రెండుంపావు. మేడమ్ నాలుగింటికి వస్తారు. అప్పటికి పాదంలో నాళం ఒక్కటి చూపిస్తే వేళ్ళతో సరిపెడతానన్నారు. లేకపోతే...” ఆమె కర్టెను వైపు చూసింది. “మా నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే సార్. స్కూలుకి దింపింది ఆ కాళ్ళతోనే.”

“అందుకని రూలు మార్చేస్తావా?”

“రూలు మార్చనక్కర్లేదు. ఇది పట్టుకోండి చాలు.”

ఆమె సగం తెగిన తొడుగును లాగి ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

“వేడిగా ఉంది,” అన్నాడు చివరికి.

“పది నిమిషాల కిందట ఆపాను. అయినా ఉంది. చర్మంలోకి వెళ్ళిన వెలుగంతా అక్కడే ఉండిపోదు కదా సార్. మాంసంలో అటూ ఇటూ కొట్టుకుని చాలా భాగం వెనక్కి బయటికి వచ్చేస్తుంది. వచ్చినదాన్ని మళ్ళీ లోపలికి తోసే దిక్కు లేదు. ఇదిగో, ఈ నలుపు తాగేస్తోంది. మన అద్దెవాడు కూడా వీడే అయ్యుంటాడు.”

అద్దెవాడంటే ఎవరో చెప్పాలి. ఏ మనిషిని చూసినా, ఏ చోట చూసినా స్క్రీను పైభాగాన ఒక మందపాటి గీత వచ్చేది. ఎంత తుడిచినా పోయేది కాదు, ఎన్ని లెక్కలు వేసినా కదిలేది కాదు. ఖాళీ చేయమన్నా చేయని అద్దెవాడని వాళ్ళు దానికి ఆ పేరు పెట్టారు. రక్తం వెలుగు తాగి చప్పుడు చేసినట్టే నల్ల రబ్బరు కూడా వెలుగు తాగి చప్పుడు చేస్తోందని, చెవి పక్కనే కూర్చుని ఆరేళ్ళుగా కేకలు పెడుతోందని, ఆ పక్కన పాదంలోని చిన్న చప్పుడు వినపడకుండా పోతోందని వాళ్ళకు తట్టలేదు. ఇంత చదువుకున్నవాళ్ళకి ఇంత చిన్న సంగతి తట్టలేదా అని మీరు నవ్వుకోవచ్చు. నలుపంటే క్షేమం అని నమ్మిన గదిలో నలుపును అనుమానించడం అంత తేలికేం కాదు.

లేజర్ సారు తొడుగును బల్ల మీద పెట్టాడు. “నలుపు కాకపోతే ఏం పెడతావ్?”

“తెలుపు.”

ఆ మాటకి ఆయన మొహం మాడిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

“తెలుపు ఈ గదిలోకి రాదు.”

“ఎందుకు రాదు సార్? ఎప్పుడూ ఇదే మాట. తెల్ల కాయితం తెస్తే తిట్టారు, తెల్ల కప్పు తెస్తే బయట పడేశారు. నేను ఆరేళ్ళుగా మీ దగ్గర పనిచేస్తున్నా, ఎందుకని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈరోజు చెప్పండి. అవతల మంచం మీద ఉన్నది మా మామయ్య.”

ఆయన కళ్ళజోడు తీశాడు. తీసి, కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు.

“ఇప్పుడు నీ మొహం ఉన్నచోట నాకేం కనపడుతుందో తెలుసా? ఒక బూడిదరంగు బిళ్ళ. చుట్టూ గోడ కనపడుతుంది, నీ చెవులు కనపడతాయి. మొహం ఉండదు. పన్నెండేళ్ళయింది.”

ఆయన ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు మెడ కాస్త పక్కకి తిప్పుతాడు. అది గర్వం అనుకునేవాళ్ళు అందరూ. ఇంజినీరమ్మ కూడా అదే అనుకుంది.

“లేజరు నా కంట్లో సూటిగా పడలేదు. బల్ల మీద నా చేతి గడియారం పెట్టుకున్నా. దాని పట్టీ తళతళలాడేది. దాని మీద పడి తిరిగొచ్చింది వెలుగు. కనపడే వెలుగు కూడా కాదు, రెప్ప వేసుకుందామన్నా తెలీదు. టప్ మని చిన్న చప్పుడు వినపడింది, నా తల లోపల. అంతే.” ఆయన చేయి దించాడు. “తిరిగొచ్చే వెలుగుంటే నాకు భయం అమ్మా. అందుకే ఈ గదిలో తిరిగొచ్చేది ఏదీ ఉంచలేదు.”

ఆరేళ్ళుగా ఆయన చాదస్తం అనుకుని వెనక నవ్వుకున్నవన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోయింది. కానీ గడియారం రెండున్నర దాటుతోంది.

“సార్, మీ కన్ను పోయింది తిరిగొచ్చిన వెలుగు వల్లే. నాకిప్పుడు కావలసిందీ అదే వెలుగు. గదిలోకి వద్దు. పాదంలోకే తిరిగి పోవాలి. లోపలివైపు తెలుపు, బయట మీ నలుపే. తెలుపు అంచు ఒంటికి అతుక్కుని ఉంటుంది, చుట్టూ నల్ల గుడ్డ కప్పుదాం. అందరం కళ్ళద్దాలు పెట్టుకుందాం. మామయ్యకి ఆ చూపు ఆడని మూత కళ్ళద్దాలే ఉంచుదాం. ఒంటికి సరిగా ఆనకపోతే లేజరు దానంతటదే ఆగేటట్టు ముందే పెట్టారు కదా మీరు. ఇంకేం కావాలో చెప్పండి, చేస్తాను.”

ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. సంతకానికనుకుని ఆమె ప్రాణం లేచొచ్చింది. సంతకానికి కాదు, అట్టముక్క మీద బొమ్మ గీయడానికి.

“తెలుపంటే ఏ తెలుపు? కాయితం జెల్లు తగలగానే నానిపోతుంది. పెయింటు పెచ్చులూడుతుంది. తెల్ల రింగు వర్క్‌షాపులో చేయించాలంటే మూడు వారాలు. నీకు గంటన్నర కూడా లేదు.”

ఆమె గది నాలుగు మూలలా చూసింది. నలుపు, నలుపు, నలుపు. తెల్లటి వస్తువొక్కటి ఉంటే ఒట్టు. ఇన్నేళ్ళ క్షేమం అంతా ఇప్పుడు పగబట్టినట్టు కనపడింది.

“అమ్మడూ,” అన్నాడు మామయ్య కర్టెను వెనక నుంచి.

“ఉండు మావయ్యా, పనిలో ఉన్నా.”

“నీ పని గురించే. అది కుళాయి మరకి చుట్టే టేపు లాంటిదైతే పనికొస్తుందా? తెల్లగా ఉంటుంది, నీళ్ళకి చెడదు, వేడికి చెడదు, జిగురుండదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నీ దగ్గరుందా?”

“నా చొక్కా జేబులో లేని రోజెప్పుడైనా చూశావా? ఆసుపత్రి వాళ్ళు చొక్కా విప్పించి ఆ కవర్లో పెట్టారు. వెతుకు.”

మంచం కింద ప్లాస్టిక్ కవర్లో ఆయన చొక్కా ఉంది. జేబులో సగం అయిపోయిన టేపు చుట్ట ఒకటి, కొత్తది ఇంకొకటి. ఇంజినీరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నల్ల కర్టెను కాస్త జరిపి సాగదీసి చూసింది. పలచగా ఉంది, వెలుగు అవతలికి కనపడుతోంది. మొహం వేలాడిపోయింది.

“ఒక్క పొర చూసి నీరసపడతావేం? ఇలా తే ఆ పెట్టెని. నువ్వు చుట్టావంటే వదులుగా చుడతావు. చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు,” అన్నాడు మామయ్య.

ఆయనని లేపి కూర్చోబెట్టారు. ఎడమకాలు దిండు మీద కదలకుండా ఉంది, నీలి గీత కనపడుతూ. ఆయన దాని వంక చూడలేదు. ఇస్త్రీపెట్టెను తిప్పి అడుగుభాగం పరకాయించి చూశాడు. లేజర్ సారు సొరుగు తాళం తీసి బ్లేడు ఇచ్చాడు. చెవి మీద, వెలుగు సందుల మీద పడకుండా, చెవికీ సందులకీ మధ్య ఉన్న నల్లటి గోడల మీదా చుట్టూ అంచు మీదా, మిగిలిన రబ్బరు గీకేసి, మామయ్య టేపు చుట్టడం మొదలుపెట్టాడు. బొటనవేలితో నొక్కుతూ, సాగదీస్తూ, ఒక చుట్టు సగాన ఇంకో చుట్టు ఎక్కిస్తూ. మొద్దుబారిన ఆ వేళ్ళు అంత సన్నటి చోట అంత పొందిగ్గా ఎలా తిరుగుతున్నాయా అని లేజర్ సారు తన మంచికన్ను దగ్గరగా పెట్టి మరీ చూశాడు.

నాలుగు పొరలయ్యాక ఇంజినీరమ్మ ఫోను టార్చి వెనక పెట్టి చూసింది. వెలుగు ఇంకా కనపడుతోంది. ఎనిమిది పొరలకి మసగ్గా కనపడింది. పన్నెండుకి ఏమీ లేదు, పాల మీగడ రంగు తప్ప.

“ఇంకో నాలుగు చుడతా,” అన్నాడు మామయ్య.

“చాలు మావయ్యా, కుళాయికి పది చాలంటావుగా ఎప్పుడూ.”

“అది నీళ్ళకి. నీ వెలుగు నీళ్ళ కన్నా దొంగది కదా.”

మూడు గంటలకి అయింది. పైన పారదర్శకమైన సన్న పొర తొడిగి, చుట్టూ నల్ల గుడ్డ కుచ్చులాగా కట్టారు. లేజర్ సారు మీటరు తెచ్చి, చర్మంలాంటి జెల్లీ దిమ్మ మీద ఇస్త్రీపెట్టె ఆనించి కొలిచాడు. కొలిచి, కనుబొమలు ముడిచి, మళ్ళీ కొలిచాడు.

“హద్దు దాటింది,” అన్నాడు.

ఇంజినీరమ్మ గబుక్కున బొత్తాం వైపు చూసింది. “నేనేం పెంచలేదు సార్!”

“పెంచలేదు. అదే చెబుతున్నా.” ఆయన గొంతు వింతగా మారింది. “మనం పంపేది పాత వెలుగే. తిరిగొచ్చింది మళ్ళీ లోపలికి పోతోంది, అది మళ్ళీ వచ్చి మళ్ళీ పోతోంది. అన్నీ కలిసి హద్దు దాటాయి. లేజరు నూటికి ఇరవై పాళ్ళు తగ్గించు.”

తగ్గించమన్నాడు! ఆరేళ్ళుగా ఇంకాస్త పెంచనివ్వండి అని ఆయన వెంటపడిన అమ్మాయి, బొత్తాం వెనక్కి తిప్పింది. ఆయన మరోసారి కొలిచాడు, గదిలోకి కారుతుందేమోనని గుడ్డ చుట్టూ నాలుగు దిక్కులా కొలిచాడు. అప్పుడు సంతకం పెట్టాడు.

మూడు ముప్పావు. మామయ్యని మళ్ళీ పడుకోబెట్టి కళ్ళు మూసే నల్ల అద్దాలు పెట్టారు, ఆయనకి ఇక గదీ కనపడదు, కాలూ కనపడదు. మిగతావాళ్ళు లేత ఆకుపచ్చ అద్దాలు పెట్టుకున్నారు. పుండుకి దూరంగా, పాదం మధ్యన జెల్లు రాసి ఇంజినీరమ్మ ఇస్త్రీపెట్టె ఆనించింది. నొక్కలేదు. మొదటి రోజుల్లో వెలుగు దిగాలని గట్టిగా నొక్కేది. నొక్కితే సన్ననాళాల్లో రక్తం పక్కకి పోయి ఉన్న కాస్త బొమ్మా ఆరిపోయేది. ఇప్పుడు పక్షి ఈక ఆనించినట్టు పట్టుకుంది.

“మావయ్యా, కదలకు.”

“కదలను. నీకు గుర్తుందా, గోడకి గ్లాసు బోర్లించి చెవి పెట్టేవాళ్ళం? నువ్వు ఊపిరి కూడా బిగబట్టేదానివి.”

గుర్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, పక్కన ఈయన. ఎక్కడ కారుతోందో తెలియని పైపు కోసం గోడ మొత్తం పగలగొట్టకుండా, గ్లాసు కదుపుకుంటూ కదుపుకుంటూ సరిగ్గా ఒక టైలు దగ్గర ఆగి, ఇక్కడ అనేవాడు. ఆ ఒక్క టైలే పీకేవాడు. ఇంటివాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. తనూ ఆయన్ని అలాగే చూసేది.

ఆమె పెడల్ తొక్కింది. టిక్ టిక్ టిక్ మని లేజరు సన్నగా కొట్టుకోవడం మొదలైంది.

ముందు కనపడింది ఏమిటంటే, కనపడకపోవడం. స్క్రీను పైభాగం శుభ్రంగా ఉంది. అద్దెవాడు లేడు.

“ఖాళీ చేశాడు,” అన్నాడు లేజర్ సారు గుసగుసగా.

ఆ తర్వాత పైనుంచి కిందికి బొమ్మ నిండటం మొదలుపెట్టింది. చర్మం కింద చిన్న చిన్న చుక్కలు. వాటి కింద నీలి గీతలా ఒక సిర, మందంగా, వంకరగా. దాని పక్కనే ఎర్రటి దారం ఒకటి. ఆ దారం రెండుగా చీలింది, రెండూ నాలుగయ్యాయి. వేలు మందం లోతున, ఎన్నడూ చీకటి తప్ప ఏమీ చూడని చోట, ఎర్రటి గీత ఒకటి సన్నగా అదిరింది. ఆగి, మళ్ళీ అదిరింది. తన నాడేమోనని ఆమె పెట్టె పట్టుకున్న చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుని చూసుకుంది, దానితో కలవలేదు. మంచం పక్కన మిషన్లో మామయ్య గుండె లెక్క చూసింది. దానితో కలిసింది.

చచ్చిపోయిందని అందరూ తేల్చిన పాదంలో రక్తం నడుస్తోంది! పెద్ద దారి మూసుకుపోతే, ఎవరికీ చెప్పకుండా చిన్న చిన్న సందుల్లోంచి తనకు తనే దారి చేసుకుని నడుస్తోంది. ఇంజినీరమ్మకి కళ్ళు నీళ్ళతో నిండిపోయి అద్దాలు మసకేశాయి. తుడుచుకుందామంటే లేజరు నడుస్తుండగా అద్దాలు తీయకూడదు. ఆరేళ్ళలో ఆమె జెల్లీ దిమ్మల్లో దారాలు చూసింది, కాయితాల మీద లెక్కలు చూసింది. తనని ఎత్తుకు తిరిగిన మనిషి ఒంట్లోపల ప్రాణం నడవడం చూడటం ఇదే మొదటిసారి. చూడకూడని చోటు చూస్తున్నంత భయమూ, చూడనిచ్చినందుకు దణ్ణం పెట్టాలన్నంత సంతోషమూ రెండూ ఒక్కసారే కలిగాయి.

లేజర్ సారు మెడ పక్కకి తిప్పి మంచికంటితో స్క్రీను చూస్తున్నాడు.

“ఏమైంది? ఇద్దరి చడీ చప్పుడూ లేదు. పుట్టి మునిగిందా?” అన్నాడు మామయ్య.

“లేదు మావయ్యా. ఉంది. రక్తం ఉంది.”

“మరి ఆ సంగతి నన్నడిగితే ఎప్పుడో చెప్పేవాణ్ణి కదా,” అన్నాడాయన. అన్నాడే గాని, నల్ల అద్దాల కింద నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

సర్జన్ మేడమ్ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. మాటలు తక్కువ మనిషి. తలుపు దగ్గర అద్దాలు పెట్టుకుని వచ్చి స్క్రీను ముందు నిలబడింది. ఒక నిమిషం అయింది, రెండు నిమిషాలైంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంచెం ముందుకి జరపమంది, వెనక్కి జరపమంది, వేళ్ళ మొదళ్ళ దాకా వెళ్ళమంది. నల్లబడ్డ రెండు వేళ్ళ దగ్గర ఎర్రదారాలు ఆగిపోయాయి. మిగతా మూడింట్లోకీ వెళ్ళాయి.

“పాతికేళ్ళుగా పాదాలు కోస్తున్నా. లోపల ఎలా ఉంటుందో కోశాకే చూశాను. కోయకముందు చూడటం ఇదే మొదటిసారి,” అంది ఆమె మెల్లగా. తర్వాత లేచి, స్పిరిటు ముంచిన దూది తీసుకుని నీలి గీత మీద రుద్దింది. అది అంత త్వరగా పోలేదు, గట్టిగా రుద్దింది. “వేళ్ళు రెండే తీస్తాను. ఇంకేం లేదు.”

“ఆ రెండూ ఉంచుకోండమ్మా, మీకు బహుమానం,” అన్నాడు మామయ్య.

ఆ మాటలు తక్కువ మనిషి కూడా నవ్వింది. ఇంజినీరమ్మ గోడకి చేరబడి ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, లేజర్ సారు బల్ల మీద ఉన్న నల్ల తొడుగు ముక్కని తీసి చెత్తబుట్టలో వేశాడు. ఈ వారానికి ఇక్కడితో కథ ఆపేస్తే నన్ను మీరూ మెచ్చుకుందురు, నేనూ మెచ్చుకుందును.

సర్జన్ మేడమ్ చేతులు తుడుచుకుంటూ తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“రికార్డులో పెట్టాలంటే పోల్చడానికి ఒకటుండాలి కదా. మంచికాలు కూడా ఒకసారి తీసి ఉంచు. దానికి నాడి బాగానే ఉంది, రెండు నిమిషాల పని.”

“తీయండి తీయండి. పాపం అది ఏనాడూ నోరెత్తలేదు. ఇన్నాళ్ళూ నా బరువంతా మోసింది అదే,” అన్నాడు మామయ్య.

ఇంజినీరమ్మ కుడిపాదానికి జెల్లు రాసి, ఇస్త్రీపెట్టె ఆనించి, పెడల్ తొక్కింది. టిక్ టిక్ టిక్.

చర్మం కింద చుక్కలు పడ్డాయి. వాటి కింద ఏమీ పడలేదు. నొక్కేశానేమో అనుకుని చేయి తేలిక చేసింది. ఏమీ లేదు. బుడగలు పట్టాయేమోనని జెల్లు తుడిచి కొత్తది రాసింది. ఏమీ లేదు. టేపు ఊడిందేమో, వెలుగు ఆగిపోయిందేమో అని ఎడమపాదానికి మార్చి పెట్టింది. ఎర్రదారాలు గప్పున వచ్చి నిలబడ్డాయి, అదురుతూ. మళ్ళీ కుడిపాదానికి పెట్టింది.

చీలమండ నుంచి పాదం నడిమి దాకా ఒక ఎర్రగీత వచ్చింది. అక్కడి నుంచి వేళ్ళ దాకా చీకటి.

లేజర్ సారు మీటరు చేతిలోకి తీసుకున్నాడు, కొలవడానికి ఏమీ లేదని తెలిసి కింద పెట్టేశాడు. సర్జన్ మేడమ్ వెనక్కి వచ్చి మంచం చివర మోకాళ్ళ మీద కూర్చుంది. చీలమండ పక్కన నాడి పట్టి చూసింది, కొట్టుకుంటోంది. రెండు నెలలుగా అందరూ ఆ నాడిని నమ్మి, పుండున్న కాలి వంకే చూశారు. ఆమె చేయి కిందికి జరిపి కుడిపాదం బొటనవేలినీ పక్కవేలినీ విడదీసింది.

“పెద్దాయనా, నేను మీ పాదాన్ని ఎక్కడ ముట్టుకుంటానో చెప్పాలి. సరేనా?”

“దానికేం, చెబుతా,” అన్నాడు మామయ్య, నల్ల అద్దాలు పైకప్పు వైపే ఉంచి.

ఆమె బొటనవేలి గోరు ఆయన వేళ్ళ సందున దిగబడి ఉంది. నొక్కిన చోట చర్మం తెల్లబడింది. ఇంజినీరమ్మ ఊపిరి బిగబట్టి ఆయన మొహం వంక చూసింది. ఆయన హాయిగా, తొందరేమీ లేనట్టు ఉన్నాడు.

“ఊఁ, ముట్టుకోండమ్మా మరి,” అన్నాడు. “ఇంకా ఎంతసేపు?”